వేవిళ్ళ గ్లాసులోకి పాలు ఎప్పుడొచ్చాయి?

పాలు పోయకుండా పండ్లతో చేసే చిక్కటి పానీయానికి ఇప్పుడు స్మూతీ అని పేరు. నెల తప్పిన ఆడపిల్లకు వేవిళ్ళ రోజుల్లో దాన్ని ఇవ్వవచ్చా అని అడిగితే ఇళ్ళలో సాధారణంగా రెండు అభ్యంతరాలు లేస్తాయి. ఇదంతా పట్నం మోజు అన్నది మొదటిది. కడుపుతో ఉన్న మనిషికి పాలు లేని పానీయమేమిటి, పెద్దలు ఎప్పుడూ పాలే కదా తాగమన్నారు అన్నది రెండోది. నల్లచెరువు, కదిరి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ప్రాంతం వరకు చూస్తే ఈ రెండు మాటలూ నిలవవని నా అభిప్రాయం. ఈ నేలమీద పండో, పులుపో, ధాన్యమో బెల్లంతో, నీళ్ళతో కలిసిన పానీయమే పాతది. గర్భిణికి పాలు తప్పనిసరి అన్న నియమం మాత్రం మొన్నమొన్నటిది. పైగా తొలి నెలల్లో వైద్యులు అన్నిటికన్నా ముందు రాసిచ్చే పోషకం పాలలో ఉండేది చాలా తక్కువ. వంటింటి చరిత్రను శాసనాల మీద ఎవరూ చెక్కించలేదు కాబట్టి ఈ మాటలకు ఆధారాలు వానలో, పశువుల్లో, సంతలో, వైద్య గ్రంథాల్లో వెతుక్కోవాలి.

వానతోనే మొదలుపెడదాం. నల్లచెరువు ఒకప్పుడు కడప జిల్లాలోని ఊరు. కదిరి చుట్టుపక్కల ప్రాంతంతో పాటు 1910లో అనంతపురం జిల్లాలో కలిసింది, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. జిల్లాలు మారాయి గాని ఆకాశం తీరు మారలేదు. అనంతపురం ప్రాంతపు సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు, అది కూడా ఏ నెలలో పడుతుందో నమ్మకం లేని వాన. ఊరి పేర్లలో ఇన్ని చెరువులు ఎందుకున్నాయో దీన్నిబట్టే తెలుస్తుంది. ఇలాంటి చోట రైతు పశువును పెంచేది ముందుగా దుక్కికి, బండికి, పెంటకు. మైసూరు సరిహద్దు పొడవునా పేరున్న హళ్ళికార్ జాతి చూడండి: పనికి దానికి సాటి లేదు, పాలకు మాత్రం అది ఎన్నడూ పేరు తెచ్చుకోలేదు. దూడ తాగగా మిగిలిన పాలు తోడుకు పోతే మజ్జిగ, వెన్న. వెన్న కాస్తే నెయ్యి. నెయ్యి ఇంట్లో వాడుకునే వస్తువు కన్నా అమ్ముకునే వస్తువు. ఎండాకాలం మేత అయిపోయాక ఆ కాస్త పాలూ ఉండవు. 1876-78 నాటి ధాత కరువులో మనుషులతో పాటు పశువులూ మందలు మందలుగా పోయాయి. అలాంటి కరువు తర్వాత ఒక ఇంట మళ్ళీ పాడి నిలవడానికి ఏళ్ళు పడుతుంది, ఈలోగా ఆ ఇంటి కోడళ్ళు నెల తప్పకుండా ఆగరు కదా. రాగి సంగటి, రాగి అంబలి, చింతపండు, బెల్లం, కొండ మీద దొరికే కాయ, పండు: గర్భిణికైనా, కూలికి పోయే మగవాడికైనా చేతికందినవి ఇవే.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. చరక సంహిత శారీరస్థానంలో గర్భిణికి నెలవారీ ఆహార నియమం చెప్పారు. మొదటి నెల ఏమీ కలపని పాలు, రెండో నెల మధుర ద్రవ్యాలతో కాచిన పాలు, మూడో నెల తేనె, నెయ్యి కలిపిన పాలు, నాలుగో నెల వెన్న. ఇంతకన్నా స్పష్టంగా చెప్పడం సాధ్యం కాదు. పాలు కొత్త అలవాటు అంటే శాస్త్రాన్ని కాదన్నట్టే కదా? కాదు. ఆ నియమం ఆవులున్న, పరిచారకులున్న ఇంటికి రాసింది. అక్కడ సూతికాగారం, అంటే పురిటి గది, ఎలా కట్టాలో, అందులో ఏ వస్తువులు ఉంచాలో కూడా వివరంగా ఉంది, ఆ జాబితా చూస్తేనే ఎలాంటి గృహస్థు కోసం రాశారో అర్థమవుతుంది. పైగా అది ఒడుదుడుకులు లేని గర్భానికి చెప్పిన నియమం. వాంతులు వచ్చేవాళ్ళకు పనికొచ్చే ద్రవ్యాలను అదే గ్రంథం సూత్రస్థానంలో విడిగా ఒక పదిగా చెప్పింది: నేరేడు చిగురు, మామిడి చిగురు, మాదీఫలం, పుల్లటి రేగు, దానిమ్మ, యవలు, అతిమధురం, వట్టివేరు, మన్ను, పేలాలు. ఈ పదిలో పాలు లేవు. హృదయానికి హితమైనవి అంటూ చెప్పిన మరో పదిలో మామిడి, రేగు, దానిమ్మ, మాదీఫలం, కలివికాయ లాంటి పుల్లటి కాయలే వరుసగా కనిపిస్తాయి. వేవిళ్ళతో తల ఎత్తలేని మనిషి ముందు పాల గ్లాసు పెట్టమని చరకుడి పేరుతో చెప్పేవాళ్ళు ఒక అధ్యాయమే చదివారని నా అనుమానం. జాబితాలో మన్ను ఉండడం చూసి నవ్వేవాళ్ళు, 1906లో హూపర్, మాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు భారతదేశంలో మన్ను తినే అలవాటు మీద ప్రత్యేకంగా ఒక అధ్యయనమే ప్రచురించారని గుర్తుంచుకోవాలి. గర్భిణులు కాల్చిన మట్టి కోసం తహతహలాడడం అప్పటికే శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చిన విషయం.

ఆ రెండు జాబితాల్లోని కాయల్లో కొన్ని ఈ సీమలో ఎవరూ నాటకుండానే మొలిచేవి. రేగు, నేరేడు, కలివి గుట్టల మీద కాస్తాయి. వీటికి తోడు చింత. బాటల పక్కన, చెరువు కట్టల కింద, బంజరులో నిలిచిన చింతచెట్ల పంట హిందూపురం మార్కెట్‌కు చేరుతుంది. దక్షిణాదిన చింతపండు వ్యాపారానికి పేరున్న చోట్లలో అదొకటి. బెల్లానికి కూడా హిందూపురమే పేరు. పులుపూ తీపీ ఒకే సంతలో దొరికే చోట పానకం చేయడం ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. శ్రీరామనవమి పానకం తెలుగు దేశమంతటా ఉంది: బెల్లం నీళ్ళు, మిరియాలు, ఏలకులు, సొంటి, నిమ్మరసం. దాన్ని పండుగ ప్రసాదంగానే చూస్తాం గాని, అది ఎండలో సొమ్మసిల్లకుండా కాపాడే పానీయం కూడా అని మరిచిపోతాం. సరిహద్దు దాటితే, బెంగళూరు వైపు, అదే నవమికి కర్బూజ గుజ్జును, వెలగపండు గుజ్జును బెల్లం నీళ్ళలో పిసికి పానకం చేస్తారు. పండును చేత్తో మెదిపి, నీళ్ళు కలిపి, బెల్లం వేసి, పాలు పోయకుండా తాగడం. స్మూతీ అంటే ఇంతకన్నా ఏముంది? మిక్సీ ఒక్కటే కొత్తది. పెనుకొండ విజయనగర రాజుల ముఖ్య స్థావరం, తళ్ళికోట యుద్ధం తర్వాత రాజధాని కూడా అయింది. ఆ రాజుల్లో మేటి అయిన కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వేసవి విందు వర్ణిస్తూ పలుచని అంబలి, చెరకు రసం, కొబ్బరినీళ్ళు, పండ్లు, నీరుచల్ల ఒకే పంక్తిలో వడ్డించాడు. చిక్కటి పాలు ఆ వేసవి వరుసలో లేవు, ఉన్నది పలుచటి మజ్జిగే. అది అతిథుల విందు, గర్భిణి పథ్యం కాదు, నిజమే. కాని వేడి నేలమీద ఒంటికి హితమైన పానీయం ఎలా ఉండాలన్న ఊహ మాత్రం రాజు పంక్తిలోనూ రైతు ముంతలోనూ ఒకటే.

మజ్జిగ మాటేమిటి అని అడగవచ్చు. మజ్జిగ ఈ సీమ ప్రాణం, దాన్ని కాదనడం లేదు. పాడి ఉన్న ఇంట కడుపుతో ఉన్నామె మజ్జిగ తాగింది, పాడి లేని ఇంట పక్కింటి నుంచి తెచ్చుకొని తాగింది. నేను చెప్పేది పచ్చిపాల గురించి, కాచిన పాల గురించి. పెద్దయ్యాక పాలలోని లాక్టోజ్‌ను అరిగించుకునే శక్తి మన దేశంలో వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వచ్చేకొద్దీ తగ్గుతుందని జన్యు పరిశోధనలు తేల్చాయి. దక్షిణాదిన చాలామందికి పెద్ద గ్లాసుడు పాలు తాగితే కడుపు ఉబ్బుతుంది, తోడుపెట్టి చిలికితే ఆ బాధ తక్కువ. మజ్జిగకు దక్కిన గౌరవం పాలకు ఎందుకు దక్కలేదో చెప్పడానికి వేరే ఆధారం వెతకనవసరం లేదు.

పండ్ల మీదే నిషేధాలు ఉన్నాయి కదా, ఇక పండ్ల పానీయం సంప్రదాయం ఎలా అవుతుంది? ఇది ఇంకా మంచి ప్రశ్న. తమిళనాట గర్భిణులు ఏమేమి తినడం మానేస్తారో 1973లో ఒక అధ్యయనంలో ఎయిషింగర్ ఫెర్రో-లుజ్జి అనే పరిశోధకురాలు వివరించింది. వేడి చేస్తుందని బొప్పాయిని దూరం పెట్టడం తమిళనాటా ఉంది, మన ఇళ్ళలోనూ ఉంది. అయితే ఈ నిషేధాన్ని అనాదిగా వస్తున్నదనడం కుదరదు. బొప్పాయి, అనాస రెండూ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడలు తెచ్చినవి. 16వ శతాబ్దానికి ముందు ఇక్కడ ఆ పండ్లే లేవు, నిషేధం ఎక్కడిది? జామ, సపోటా కూడా అక్కడివే, వాటిని ఎవరూ నిషేధించలేదు. అంటే కొత్తగా వచ్చిన పండ్లను మన ఆడవాళ్ళు ఒక్కొక్కటిగా చూసి, కొన్నిటిని అనుమానించి, కొన్నిటిని ఇంట్లోకి రానిచ్చారు. బొప్పాయి విషయంలో ఆ అనుమానం పూర్తిగా గాలి మాట కూడా కాదు. సింగపూర్‌లో ఎలుకల మీద చేసి 2002లో ప్రచురించిన ప్రయోగంలో మగ్గిన బొప్పాయి రసం గర్భాశయాన్ని ఏమీ చేయలేదు, పచ్చికాయ పాలు మాత్రం బలంగా ముడుచుకునేలా చేశాయి. పచ్చికాయకూ పండుకూ మధ్య గీత ఎక్కడో ఇంట్లో ఎవరూ కొలిచి చెప్పలేరు కాబట్టి తొలి నెలల్లో మానేయడమే తెలివి. మానాల్సింది బొప్పాయి, పండ్లన్నీ కాదు. ఒక కాయ మీద పెట్టిన జాగ్రత్త క్రమంగా పండ్లన్నిటి మీదా అనుమానంగా పాకడమే మనకు జరిగిన నష్టం.

పాలు ఈ గ్లాసులోకి వచ్చిన దారి వేరు. స్వాతంత్ర్యం తర్వాత రెండు దశాబ్దాలు పేద దేశాల జబ్బు మాంసకృత్తుల లోటేనని ప్రపంచం నమ్మింది. యునిసెఫ్ పాలపొడి డబ్బాలు తల్లీపిల్లల కేంద్రాలకు వచ్చాయి. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, పాలు చాలని దేశం కదా అని, వేరుశనగ నుంచి పాలు తీసే పద్ధతి మీద పనిచేసింది; గేదెపాలలో వేరుశనగ మాంసకృత్తులు కలిపి మిల్‌టోన్ అనే పానీయాన్నీ తయారుచేసింది. 1970లో పాల ఉత్పత్తి పెంచే ఆపరేషన్ ఫ్లడ్ పథకం మొదలయ్యాక ఆ వెతుకులాట అవసరం తగ్గింది. సంకరజాతి ఆవులు, పాలకేంద్రాలు, ఉదయం సాయంత్రం క్యాన్లు, పదిహేను రోజులకోసారి డబ్బు: చెనక్కాయ పంట ఎండిన ఏడాది కూడా ఇంటికి నాలుగు రూపాయలు తెచ్చేది పాడే అయింది. ఇందులో తప్పేమీ లేదు. ఆ తర్వాత పాలు ప్రభుత్వ పథకంలో భాగమయ్యాయి. 2013లో ఉమ్మడి రాష్ట్రం మొదలుపెట్టిన అమృతహస్తంలో గర్భిణికి ఒక పూట భోజనంతో పాటు గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇచ్చారు. ఈ క్రమాన్ని చూస్తే, పాలు తాగమని చెప్పిన పెద్దలు ఎవరో తెలుస్తుంది. ఈనాటి గర్భిణికి వాళ్ళు అమ్మ, అత్తమ్మ. వాళ్ళు నేర్చుకున్నది ఆరోగ్య కేంద్రం గోడ మీది బొమ్మల నుంచి. అవ్వ కాలానికి వెళితే ఆ సలహా సన్నబడిపోతుంది. జ్యూస్ సెంటర్లు ఈ మార్పును పూర్తిచేశాయి. సపోటా అయినా యాపిల్ అయినా అడగకుండానే పాలు, చక్కెర పోసి తిప్పడం అక్కడి ఆనవాయితీ. వద్దంటే వింతగా చూస్తారు.

ఇక అసలు పోషకం సంగతి. 1928లో బొంబాయి వచ్చిన లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు, బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణుల్లో ఒక తీవ్రమైన రక్తహీనతను గమనించి, ఈస్టు సారంతో అది తగ్గుతుందని 1931లో ప్రకటించింది. ఆ సారంలోని పదార్థమే తర్వాత ఫోలిక్ ఆమ్లంగా తేలింది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ సంస్థ బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సంవత్సరం 1945. తోబుట్టువులను స్ప్రూ జబ్బుకు పోగొట్టుకున్న మనిషి, ఆ జబ్బుకు పనికొచ్చే మందునే లోకానికి ఇచ్చాడు. 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి జరిపిన పరీక్షలో, మొదటి బిడ్డకు వెన్నునాడి లోపం వచ్చిన తల్లులకు ఫోలిక్ ఆమ్లం ఇస్తే ఆ లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గింది. ఇప్పుడు పాలను తూచి చూడండి. 100 గ్రాముల ఆవుపాలలో ఫోలేట్ 5 మైక్రోగ్రాముల దగ్గర ఉంటుంది, మేకపాలలో ఇంకా తక్కువ. మేకపాలే ఆధారంగా పెరిగిన పసిబిడ్డలకు రక్తహీనత రావడం యూరప్ వైద్యులు ఎప్పుడో గుర్తించి దానికి ఆ పేరే పెట్టారు. అదే బరువు నారింజ జాతి పండులో 30, మామిడిలో 40కి పైన, పచ్చి చెనక్కాయ గింజల్లో 240 దాకా. ఫోలేట్ వేడికి చెడిపోయే గుణం కలది కాబట్టి కాచకుండా తాగే పండు రసానికి ఇక్కడ అదనపు లాభం. ఇంత చెప్పాక ఒక పరిమితి కూడా చెప్పాలి. పిండం వెన్నునాడి మూసుకునేది గర్భం నిలిచిన 28 రోజుల లోపు. వేవిళ్ళు మొదలయ్యేది దాదాపు అప్పుడే. అంటే ఏ పానీయమైనా ఆ పనికి ఆలస్యంగా వస్తుంది. రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్ర గర్భానికి ముందు నుంచే వేసుకోవాలి. పండ్ల గ్లాసు ఆ మాత్రకు బదులు కాదు. రక్తం పట్టడానికి, తిన్నది కడుపులో నిలవడానికి అది తోడు.

కాల్షియం పక్షాన పాలవాళ్ళ వాదనకు బలముంది. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికలో 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం అని చూసి రాగిజావ పాలను మించిందని ఊరేగించేవాళ్ళున్నారు. గ్లాసు జావలో పడే పిండి 30 గ్రాములు, దానితో వచ్చేది 110 మిల్లీగ్రాముల దగ్గర. గ్లాసు పాలలో దానికి రెట్టింపు. రాగుల్లోని ఫైటేటు ఆ ఉన్నదాన్ని కూడా పూర్తిగా ఒంటబట్టనివ్వదు. మొలకెత్తించి ఆరబెట్టి విసిరితే కొంత నయం. అయితే బిడ్డ ఎముకల కోసం తల్లి నుంచి కాల్షియం ఎక్కువగా లాగేది చివరి మూడు నెలల్లో. తొలి మూడు నెలలు పాలు వాసన పట్టకపోతే బలవంతం చేయనవసరం లేదు, వేవిళ్ళు తగ్గాక తాగవచ్చు, ఇష్టమైతే. గాంధీ ఉదాహరణ కూడా ఎదురుగా పెడతారు: 1912లో పాలు మానేసి పండ్లు, చెనక్కాయలతో బతికిన ఆయన జబ్బుపడి 1919లో మేకపాలకు లొంగాడు. ఆరేడేళ్ళ వ్రతానికీ మూడు నెలల వేవిళ్ళకూ పోలిక కుదరదు. అయితే ఏళ్ళ తరబడి పాలు, గుడ్డు, మాంసం మూడూ లేని తిండిలో బి12 లోటును పండు పూడ్చలేదన్నది ఒప్పుకోవాలి.

అలాంటి గ్లాసు ఇక్కడి సరుకుతో చేయడం కష్టమేమీ కాదు. రాత్రి నానబెట్టిన గుప్పెడు చెనక్కాయ గింజలు, గింజ తీసిన రెండు ఖర్జూరాలు, మగ్గిన అరటిపండు ఒకటి, చీనీకాయ రసం, చిటికెడు సొంటి. తిప్పి, వడగట్టకుండా, కొంచెం కొంచెంగా తాగాలి. దానిమ్మ కాలంలో దానిమ్మ, మామిడి కాలంలో మామిడి. ఉసిరికాయ ముక్క ఒకటి వేస్తే అందులోని సి విటమిన్ చెనక్కాయల ఇనుమును ఒంటబట్టేలా చేస్తుంది. సొంటి పానకం కోసం వేసిన అలంకారం కాదు, వేవిళ్ళకు అల్లం పనికొస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాల్లోనే ఉంది. చెనక్కాయలు ముడుచుకున్నవి, బూజు వాసన వేసేవి ఏరి పారేయాలి. కరువు ఏడాది పంటలో అఫ్లటాక్సిన్ భయం ఈ జిల్లాకు కొత్త కాదు. వేరుశనగ పడనివాళ్ళు, చక్కెర జబ్బున్నవాళ్ళు వైద్యుణ్ణి అడిగి మార్చుకోవాలి. రోజంతా గుక్కెడు నీళ్ళు కూడా నిలవకుండా వాంతులవుతుంటే స్మూతీ ఊసెత్తకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. అన్నిటికన్నా ముందు నీళ్ళు. అనంతపురం సీమ బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. 1990ల మధ్యలో సత్యసాయి నీటి పథకం వందల ఊళ్ళకు పైపులు వేయడానికి అదొక ముఖ్య కారణం. కాల్షియం తక్కువ తినే ఒంటికి ఫ్లోరైడ్ చేసే కీడు మరీ ఎక్కువ. కాబట్టి గ్లాసులో ఏ పండు అన్న దానికన్నా ఏ నీళ్ళు అన్నది నల్లచెరువు లాంటి ఊళ్ళో పెద్ద ప్రశ్న.

2023లో రాష్ట్రం గర్భిణుల ఇంటికి పంపిన పోషణ కిట్‌లో రాగిపిండి, అటుకులు, బెల్లం, చెనక్కాయ చిక్కీ, ఎండు ఖర్జూరం ఉన్నాయి. పాత పానీయపు సరుకంతా ప్రభుత్వ ముద్రతో తిరిగి వచ్చినట్టే, ఒక్క పండు తప్ప. పాలు కర్ణాటక పాల సమాఖ్య నుంచి నెలల తరబడి చెడని పొట్లాల్లో అంగన్‌వాడీకి చేరగలిగాయి, అందుకే జాబితాలో వాటికి చోటు దొరికింది. చీనీ, దానిమ్మ, మామిడి తోటలున్న జిల్లాలో వారానికి రెండుసార్లు ఆ పండ్లను మండలంలోనే కొని అంగన్‌వాడీలకు పంచే ఏర్పాటు చేస్తే, వేవిళ్ళతో పాల పొట్లం విప్పలేని ఆడపిల్లకు తాగగలిగినదేదో దొరుకుతుంది. పాలు నాలుగో నెల నుంచి ఎలాగూ ఉంటాయి.